టెర్రస్ మీది కన్నాల లెక్క: గిండీలో ఒక ఆఫీసు భవనం తనిఖీ, నా అనుభవం

చెన్నైలో వానాకాలం అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఊరికి ఏడాదంతా పడే వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనం ఆ మూడు నెలల్లోనే కురిపించేస్తుంది. భవనాల నిర్వహణ చూసేవాళ్లకి దాని ముందు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలలే అసలు పనికాలం.

మాది నెల్లూరు వైపు. గిండీలో ఒక ఐదంతస్తుల ఆఫీసు భవనానికి ఫెసిలిటీ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. 1990ల చివర్లో కట్టిన భవనం. పై అంతస్తులో ఏటా మూడు చోట్ల నీళ్లు కారేవి. ఏటా ఎవరో ఒక కాంట్రాక్టరు వచ్చి, టెర్రస్ మీద ఒక చుట్టు తిరిగి, "మొత్తం కోటింగ్ కొట్టాల్సిందే సార్" అని కొటేషన్ ఇచ్చి పోయేవాడు. ఒక ఏడాది కొట్టించారు కూడా. తర్వాతి వానకి మళ్లీ అవే మూడు చోట్లు కారాయి. ఈసారి ఓనర్లతో గట్టిగా మాట్లాడాను. టెర్రస్ మీదున్న ప్రతి యంత్రం, ప్రతి పైపు, స్లాబ్‌లోంచి కిందికి దిగే ప్రతి కన్నం చూసి రాసుకున్నాకే రూపాయి తీద్దాం అన్నాను. ఒప్పుకున్నారు.

నాతో పాటు ఇద్దరు. ఒకరు శ్రీకాకుళం నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే వాటర్‌ప్రూఫింగ్ పనులు చేస్తున్న మేస్త్రీ గారు. రెండోవాడు మా ఏసీలు చూసే తమిళ కుర్రాడు. మా ముగ్గురి మాటల్లో సగం తెలుగు, సగం తమిళం. పనికి ఎక్కడా అడ్డు రాలేదు.

తనిఖీ టెర్రస్ మీద కాదు, పై అంతస్తు లోపల మొదలుపెట్టాం. ఫాల్స్ సీలింగ్ పలకలు దింపి, టార్చ్ వేసి స్లాబ్ అడుగు చూశాం. పలక మీద మరక ఉన్న చోటే స్లాబ్ కూడా తడిసి ఉండాలని లేదు. నీళ్లు స్లాబ్ అడుగున పాకి, సీలింగ్‌ని వేలాడదీసే ఏదో ఒక హ్యాంగర్ రాడ్ పట్టుకుని దిగి అక్కడ పడతాయి. అసలు తడి ఎక్కడుందో కొలిచి ప్లాను కాగితం మీద గుర్తులు పెట్టాం. అదే కొలతలో గీసిన టెర్రస్ ప్లానుని దాని మీద పరిచి, లిఫ్టు గోడనీ మెట్ల గదినీ ఆధారంగా జరుపుకుంటే, ఏ మరక పైన ఏముందో కనిపిస్తుంది.

పాత ఫిర్యాదుల తేదీలు కూడా తీయించాను. టెర్రస్ ఎక్కకముందే సగం సంగతి అక్కడే తెలిసింది. అకౌంట్స్ వాళ్ల మూల నుంచి వచ్చిన ఫిర్యాదుల్లో ఏప్రిల్, మే నెలలవి ఉన్నాయి. చెన్నైలో ఏప్రిల్‌లో వాన ఎక్కడిది? యూపీఎస్ గదిలో మాత్రం గాలివాన కొట్టినప్పుడే కారేది, నిలువుగా పడే వానకి కారేది కాదు. లిఫ్టు పక్క వరండాలో వాన వెలిసిన మర్నాడో, ఆ తర్వాతి రోజో మొదలై చాలా రోజులు బొట్టు బొట్టుగా పడేది. ఒకే పైకప్పు, మూడు వేరు వేరు జబ్బులు. వీటన్నిటికీ కలిపి ఒకే కోటింగ్ మందు వేస్తే ఎలా తగ్గుతుంది?

పైకి తెల్లవారగానే ఎక్కేవాళ్లం. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు టెర్రస్‌లో పల్లాలు స్పష్టంగా తెలుస్తాయి. నీళ్లు నిలిచి ఆరిన చోట దుమ్ము అంచులు కట్టి ఉంటుంది, వాటి చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాం. పొద్దెక్కితే ఆ టైల్స్ మీద నిలబడలేం. వెనక వైపు పిట్టగోడ పొట్టిగా ఉంది కాబట్టి అటు తాడు కట్టించాను, ఒంటరిగా ఎవరినీ పోనివ్వలేదు. ఒక మూల మొబైల్ కంపెనీ యాంటెన్నాలు పనిచేస్తున్నాయి. వాటికి ఎదురుగా దగ్గర్లో నిలబడకూడదు; ఆ మూల పని ఉన్నప్పుడు కంపెనీకి చెప్పి ఆపించాం.

మా టెర్రస్ పాత మద్రాసు పద్ధతిది. స్లాబ్ మీద ఇటుక జల్లి (పగలగొట్టిన ఇటుక ముక్కలు), సున్నం కలిపి దట్టించిన పొర, దాని మీద ఎర్ర మట్టి టైల్స్. ఆ పొరలో వెనకటికి కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. ఎండ వేడిని ఆపడానికి, వాలు ఇవ్వడానికి మంచి పద్ధతి, అందులో నాకు అనుమానం లేదు. లీకు వెతకడానికి మాత్రం ఇంతకంటే కష్టమైన పైకప్పు లేదు. టైల్ సందులోంచి దిగిన నీళ్లు జల్లిలో చేరి, స్లాబ్ వాలు వెంట పాకుతూ పోయి, ఎక్కడ పగులు దొరికితే అక్కడ దిగుతాయి. దూరిన చోటికీ కారిన చోటికీ ఇరవై అడుగుల దూరం ఉండొచ్చు. వరండా సంగతి చెప్పగానే మేస్త్రీ గారు, "జల్లి తాగేసిందండి సార్. తాగిందంతా నెమ్మదిగా కక్కుతాది" అన్నారు. చేతిలో చిన్న ఇనుప కడ్డీతో టైల్స్ మీద తట్టుకుంటూ వెళ్లారు. డొల్ల చప్పుడు వచ్చిన ప్రతి టైల్ మీద ఇంటూ గుర్తు పెట్టాం. అవన్నీ ఎక్కువగా యంత్రాల కాళ్ల చుట్టూనే ఉన్నాయి.

నీళ్లు పోయే దారుల పరిస్థితి చూసి నాకు నిజంగా భయం వేసింది. 100 మి.మీ. పైపులు 8 ఉన్నాయి. రెండింటి నోట్లో రావి మొక్కలు మొలిచాయి. ఒకదాని మీదే ఏసీ స్టాండు కాలు దించేశారు. దేనికీ జాలీ లేదు. లోపల నల్ల రబ్బరు ముక్కలు, కేబుల్ టైలు, టీ కప్పులు, కాకులు తెచ్చిన ఎముకలు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో వాన నీటి పైపులకి ఒక పట్టిక ఉంది. గంటకి 100 మి.మీ. వాన కురిస్తే 100 మి.మీ. పైపు ఒకటి దాదాపు 42 చదరపు మీటర్ల పైకప్పు నీళ్లే మోస్తుంది. మా టెర్రస్ 600 చదరపు మీటర్లు. అంటే 15 పైపులు కావాలి. ఉన్న ఎనిమిదిలో సరిగ్గా పనిచేసేవి ఐదు.

ఇది లీకుల గొడవ మాత్రమే కాదు, బరువు గొడవ కూడా. చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోలు. మా మెట్ల గది గడప 15 సెంటీమీటర్ల ఎత్తుంది. పైపులన్నీ మూసుకుపోతే నీళ్లు గడప దాటి మెట్ల మీదికి దిగేదాకా నిలబడాల్సిందే, అంటే చదరపు మీటరుకి 150 కిలోలు. భవనాల మీద పడే బరువులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875. మనుషులు తిరిగే పైకప్పుకి దాని రెండో భాగం చెప్పే లైవ్ లోడ్, అంటే భవనం సొంత బరువు కాక మోయాల్సిన బరువు, కూడా దాదాపు అంతే, చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు. ఆ హద్దుని నీళ్లే తినేస్తే, తర్వాత పెట్టిన ఏసీలు, సోలార్ దిమ్మెలు ఎవరి లెక్కలో ఉన్నట్టు? 2015 డిసెంబరు వానలు చూసిన ఊరిలో ఉంటూ ఈ లెక్క వేయకుండా ఉండటం తప్పు. పైపులు శుభ్రం చేయించడంతో పాటు పిట్టగోడకి అడుగున, టెర్రస్ మట్టం నుంచి రెండంగుళాల ఎత్తులో ఓవర్‌ఫ్లో కన్నాలు పెట్టించాం. పైపులు మూసుకుపోయినా నీళ్లు అక్కడి నుంచి బయటికి చిమ్ముతాయి, చిమ్ముతుంటే కింద సెక్యూరిటీ వాళ్లకి కనిపిస్తుంది.

ఇక అసలు పని, కన్నాలు. కనిపించిన ప్రతి కన్నం పక్కన పెయింటుతో నంబరు వేసి, ఫొటో తీసి, రిజిస్టర్‌లో రాశాం: ఏం దిగుతోంది, ఎవరిది, పనిచేస్తోందా, చుట్టూ ఏం పూశారు. "ఎవరిది" అన్న గడి దగ్గరే కలం ఆగిపోయేది. భవనం కట్టినప్పుడు వేసిన పైపులకి కాగితాలున్నాయి. తర్వాత వచ్చిన అద్దెదారులు, వాళ్ల ఏసీ వాళ్లు, ఇంటర్నెట్ వాళ్లు, బోర్డు కట్టినవాళ్లు చేసిన వాటికి ఏమీ లేవు. ఖాళీ చేసి వెళ్లిపోయిన కంపెనీల డిష్ స్టాండ్లు అలాగే తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. నాకు అర్థమైంది ఏమిటంటే, పైకప్పు తనంతట తాను కారడం తక్కువ. వాటర్‌ప్రూఫింగ్ అయిపోయాక ఎవరో డ్రిల్లింగ్ మిషన్ పట్టుకొచ్చి కన్నం చేస్తారు, ఆ కన్నానికి యజమాని ఉండడు. కారేది అక్కడ.

ఏసీల రాగి పైపులు దిగే కన్నం చూడండి. కోర్ కటింగ్ చేసి, అంటే స్లాబ్‌ని మిషన్‌తో గుండ్రంగా కోసి, పైపుల కట్టని నిలువుగా దింపి, చుట్టూ ఫోమ్ స్ప్రే కొట్టి, పైన తెల్ల రంగు పూశారు. ఆ ఫోమ్ ఖాళీ నింపడానికే గానీ నీళ్లు ఆపడానికి కాదు. ఎండకి గోధుమ రంగులోకి మారి, వేలితో నొక్కితే పొడి పొడిగా రాలింది. పైపుల మీది నల్ల రబ్బరు ఇన్సులేషన్ కూడా అంతే, ఎండకి పగిలి తుంపులు తుంపులుగా ఊడిపోయింది. వాన చుక్క లేని రోజు అది. ఏసీ కుర్రాడు ఇన్సులేషన్ చీలికలో వేలు పెట్టి, "తణ్ణి సార్" (నీళ్లు సార్) అని చూపించాడు. చల్లటి గ్యాస్ పైపు మీద చెన్నై ఉక్కపోత గాలి తగిలి చెమ్మ పట్టి, ఆ నీళ్లు పైపు వెంటే కన్నంలోంచి లోపలికి దిగుతున్నాయి. అకౌంట్స్ మూల ఏప్రిల్ లీకు అదే. పైకప్పు మీద ఎన్ని కోటింగులు కొట్టినా ఆ నీళ్లు ఆగవు.

యూపీఎస్ గది సంగతి వేరు. దాని పైన టెర్రస్ మీద ఇటుకలతో కట్టిన చిన్న పెట్టె ఉంది, కేబుళ్లన్నీ అందులోంచి కిందికి దిగుతాయి. పెట్టెకి పైన మూత బాగానే ఉంది. కేబుల్ ట్రే మాత్రం పక్క గోడలోంచి అడ్డంగా దూరుతుంది, ఆ సందు ఈశాన్యం వైపే తెరిచి ఉంది. మనకి వాన వచ్చేదే ఆ దిక్కు నుంచి. పైగా ట్రే లోపలికి వాలి ఉంది. గాలివానకి ట్రే మీద పడ్డ నీళ్లు కేబుళ్లు పట్టుకుని తిన్నగా యూపీఎస్ గదిలోకి. కేబుల్‌ని లోపలికి పంపే ముందు కొంచెం కిందికి వేలాడేలా వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. అంత చిన్న జాగ్రత్త లేక విద్యుత్ ప్యానెల్ మీద నీళ్లు పడుతున్నాయి. మూడింటిలో నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇదే.

మరుగుదొడ్ల గాలి పైపుల చుట్టూ సిమెంటు కట్టలన్నీ పగిలే ఉన్నాయి. మూడు మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల వేడి తేడాకి ఆరు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. కదిలే పైపుకి కదలని సిమెంటు కట్ట వేస్తే పగలక ఏం చేస్తుంది?

వరండా లీకుకి కారణం వెంటనే దొరకలేదు. దాని నెత్తిన ఏ కన్నమూ లేదు. అనుమానం ఉన్న చోట్లన్నిటికీ నీళ్లు పెట్టి పరీక్షించాం. దీనికో క్రమం ఉంది: పల్లం నుంచి మొదలుపెట్టి మెరకకి వెళ్లాలి, ఒక్కసారికి ఒక్క చోటే తడపాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి పారి అన్ని చోట్లా తడుస్తుంది, ఏది కారిందో ఎప్పటికీ తెలీదు. ముందు ఏ కన్నమూ లేని టైల్స్ భాగంలో మట్టి కట్ట వేసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టాం. కింద ఒక మనిషి టార్చ్ పట్టుకుని గంటగంటకీ చూశాడు. చుక్క కూడా రాలేదు. ఖర్చు పెట్టి కొట్టించిన కోటింగ్‌లో ఎక్కువ పోయింది ఇలా కారని భాగానికే. తర్వాత పైపు నోటి చుట్టూ, గాలి పైపు కట్ట చుట్టూ, అలా ఒక్కొక్కటే ముందుకు జరిగాం. చివరికి లిఫ్టు గదికి అవతల, పాత యాంటెన్నా స్తంభాలు పీకేసిన చోట కట్ట వేసి, రంగు కలిపిన నీళ్లు పోశాం. స్తంభాలు పోయినా బోల్టులు స్లాబ్‌లోనే ఉన్నాయి. వాటిని కోసేసి, తుప్పు మీదే కోటింగ్ పూసేశారు. తుప్పు ఉబ్బి చుట్టూ పగిలింది. మర్నాడు వరండాలో రంగు నీళ్లు కనిపించాయి. మధ్య దూరం టేపు పెట్టి కొలిస్తే ఐదున్నర మీటర్లు. మేస్త్రీ గారు టేపు వంక చూసి, "నేనేటి సెప్పాను సార్" అన్నారు.

యంత్రాల విషయంలో నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఏసీ బయటి యూనిట్లని టైల్స్ మీద నేరుగా రబ్బరు ముక్కలు వేసి నిలబెట్టడం ఆపాలి. ఆ అదురుకి టైల్ కదులుతుంది, సందు తెరుచుకుంటుంది, కింద ఊడ్చడానికి చీపురు కూడా పోదు. రేపు వాటర్‌ప్రూఫింగ్ మార్చాలంటే యూనిట్ ఎత్తాలి, గ్యాస్ తీయాలి, ఆఫీసు ఆపాలి. అందుకని ఎవరూ మార్చరు. మేం వాలుకి అడ్డం రాకుండా చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి మీద ఒకటిన్నర అడుగుల ఎత్తు స్టాండ్లు వేయించాం. ఏసీ యూనిట్ల ప్యానెళ్లకి స్క్రూలు సగం లేవు; సర్వీసుకి వచ్చినవాళ్లు నాలుగు విప్పి రెండు బిగించి పోతారు. సముద్రపు గాలికి వాటి పలచటి రేకులు (ఫిన్స్) కొన్ని ముట్టుకుంటేనే రాలాయి. స్విచ్ డబ్బాల్లో కేబుల్ దూరే చోట సందు మూసే బిగింపు (గ్లాండు) లేనివి ఉన్నాయి, అవి ఆ రోజే మూయించాను. క్యాంటీన్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద నూనె జిడ్డు చేరి అక్కడి తారు షీటు మెత్తబడింది. నూనెకీ తారుకీ పడదు. దాని కింద రేకు పళ్లెం పెట్టించాం, వారానికోసారి హౌస్‌కీపింగ్ వాళ్లు తీసి కడగాలి.

సోలార్ వాళ్ల పని చూస్తే ముచ్చటేసింది. స్లాబ్‌కి బోల్టు కొట్టకుండా కాంక్రీటు దిమ్మెల బరువుతో నిలబెట్టారు, కింద రబ్బరు పరిచారు. ఆ బరువుని మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించి, ఆయన సరేనన్న మాట రాతపూర్వకంగా తీసుకున్నాను.

బాగుచేయడం కన్నం కన్నానికీ వేరుగా జరిగింది. పనికిరాని బోల్టులని పూర్తిగా తవ్వి తీసి, ముడుచుకుపోని గ్రౌట్ (సిమెంటు మిశ్రమం) నింపారు. పనిచేసే పైపుల చుట్టూ అడుగు వెడల్పున టైల్స్, జల్లి స్లాబ్ దాకా తీసి, మూలలో గుండ్రంగా కోవింగ్ చేసి, తారు షీటుని పైపు మీదికి 150 మి.మీ. ఎక్కించి క్లాంపు బిగించారు. గాలి పైపులకి సిమెంటు కట్ట తీసేసి, కదలడానికి వీలుగా స్లీవ్, పాలీయురెథేన్ సీలెంట్ పెట్టారు. రాగి పైపుల కన్నం చుట్టూ అడుగు ఎత్తు గట్టు కట్టి, పైన మూత వేసి, పైపులు పక్క నుంచి బయటికి వాలుగా వచ్చేలా మార్చాం. ఇన్సులేషన్ కొత్తది వేసి ఎండ తగలకుండా రేకు తొడిగాం. కేబుల్ పెట్టెలో ట్రే వాలు తిప్పించి, కేబుళ్లకి వంపు వదిలించి, ఈశాన్యపు సందుకి కింది వైపే తెరిచి ఉండే గూడు కట్టించాం. మొత్తం కలిపి పాత కోటింగ్ కొటేషన్ కంటే తక్కువకే అయింది.

ఆ పనులు నడుస్తుండగానే ఒక అద్దెదారు తరఫున ఇంటర్నెట్ వాళ్లు డ్రిల్లింగ్ మిషన్‌తో పైకి వచ్చారు. "ఒక్క బోల్టే కదా సార్, సిలికాన్ పూసేస్తాం" అన్నారు. మిషన్ కింద పెట్టించాను. మా దగ్గరున్న దిమ్మె స్టాండు చూపించి, డిష్ దానికి బిగించుకోమన్నాను, కేబుల్‌కి మా పెట్టె దారి చూపించాను. కాసేపు గొణిగినా పని అయింది. ఆ రోజే ఓనర్లతో మాట్లాడి నియమం పెట్టాం: టెర్రస్ తాళం సెక్యూరిటీ దగ్గర కాదు, నా దగ్గర. ఎవరు కన్నం చేయాలన్నా ముందు కాగితం మీద సంతకం, నంబరు, ఫొటో. మూసే పని మా మేస్త్రీ గారే చేయాలి, డబ్బులు కన్నం చేసినవాళ్లవి. ఖాళీ చేసేటప్పుడు తమ నంబర్లన్నీ మూసి చూపిస్తేనే డిపాజిట్ తిరిగి వస్తుందని కొత్త అగ్రిమెంట్లలో రాయించాం.

అక్టోబరు చివర్లో గాలితో సహా పెద్ద వాన పడింది. యూపీఎస్ గది పొడిగా ఉంది, అకౌంట్స్ మూలా అంతే. వరండాలో మాత్రం కొన్ని రోజులు చెమ్మ కనిపించింది. జల్లిలో పాత నీళ్లు ఇంకా ఉన్నాయని మేస్త్రీ గారు ముందే హెచ్చరించారు. ఆ తర్వాతి వానలకి అక్కడ మరక పెరగలేదు, పెన్సిల్‌తో గీసిన గీత లోపలే ఉంది. మిగిలింది భవనంలోని రెండు బ్లాకుల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్, అంటే వేడికి సాగడానికి వదిలిన సందు. దాని మీది అల్యూమినియం పట్టీ కొన్ని చోట్ల లేచింది. తడి మీద చేసే పని కాదు కాబట్టి ఇప్పటికి పట్టీ బిగించి వదిలేశాం. మార్చిలో స్లాబ్ బాగా ఎండాక జాయింట్ మొత్తం విప్పి కొత్తది వేయడానికి ఓనర్లు డబ్బు పక్కన పెట్టారు. రిజిస్టర్‌లో దానికీ ఒక నంబరు ఇచ్చాను.